వదిలేసిన ఊళ్లు

బెల్జియం చిన్న దేశం. ప్లాన్ వేసేవాడికి అదే చిక్కు. దేశమంతా కలిపి 30 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, తెలంగాణలో పావు వంతుకి కాస్త ఎక్కువ. మ్యాపు తెరిస్తే బ్రస్సెల్స్, గెంట్, బ్రూజ్, ఆంట్‌వెర్ప్ నాలుగూ అరచేతి కింద ఇమిడిపోతాయి. దాంతో రెండు రోజులు సెలవు దొరికిన ప్రతివాళ్లకీ మొత్తం చుట్టేసి రావచ్చనిపిస్తుంది.

మా పిన్ని కొడుక్కీ అలాగే అనిపించింది. వాడు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఇంజనీరు. పిన్నీ బాబాయీ ఈ వేసవికి వాడి దగ్గరకెళ్లారు. జూన్‌లో ఒక శని, ఆదివారాలు వాళ్లకి బెల్జియం చూపిద్దామని ప్లాన్ రాసి నాకు వాట్సాప్‌లో పంపాడు. మా చుట్టాల్లో ఎవరు ఎక్కడికి బయల్దేరినా ఆ కాగితం ఓసారి నా దగ్గరికి రావడం ఆనవాయితీ. వాడి ప్రకారం శుక్రవారం రాత్రికి బ్రస్సెల్స్. శనివారం పొద్దున్నే గ్రాండ్ ప్లేస్, మానెకిన్ పిస్, అటోమియం. మధ్యాహ్నం గెంట్, సాయంత్రం బ్రూజ్. ఆదివారం ఆంట్‌వెర్ప్, వీలుంటే లువెన్. "అన్నీ గంటలోపు దూరాలే కదన్నయ్యా!" అని కింద ఒక నవ్వు బొమ్మ.

గంట నిజమే. బ్రస్సెల్స్ నుంచి బ్రూజ్‌కి రైలు గంట, గెంట్‌కి అరగంట. కానీ అది రైల్లో కూర్చున్న గంట. హోటల్ గదికి తాళం వేసిన దగ్గర్నుంచి ప్లాట్‌ఫారం చేరేదాకా ఎంత? బ్రూజ్ స్టేషన్‌లో దిగాక ఊరి నడిబొడ్డున ఉన్న మార్కెట్ చౌకుకి ఇరవై నిమిషాల నడక. గెంట్‌లో పెద్ద స్టేషను ఊరికి దక్షిణంగా ఎక్కడో ఉంటుంది, అక్కణ్నుంచి ట్రామ్ ఎక్కాలి. వీధులన్నీ రాళ్లు పరిచినవి. పిన్ని మోకాళ్లతో లెక్క కడితే గంట ప్రయాణం రెండు గంటలకు ఏమాత్రం తగ్గదు. రోజుకి అలాంటివి మూడు పెట్టుకుంటే బెల్జియంలో వాళ్లు బాగా చూసేది స్టేషన్లనే.

నేను ప్లాన్ దిద్దేటప్పుడు చూడాల్సిన వాటి జోలికి ముందు పోను. మన కోసం ఆగనివి ఏమిటో రాసుకుంటాను. బెల్జియం లోపల తిరిగే రైళ్లు ఆగుతాయి, ఒక లెక్కన. వాటికి రిజర్వేషన్ లేదు, సీటు నంబరు లేదు. ఒకటి పోతే తర్వాతది ఎక్కొచ్చు. కాబట్టి రైళ్ల టైములు కాగితమ్మీదకి ఎక్కించి కంగారు పడనక్కర్లేదు. ఆగనివి వేరే ఉన్నాయి. అక్కడ చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు. ఆదివారం కొట్లు చాలావరకు మూసేస్తారు. గెంట్ కెథడ్రల్‌లో ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి గనక, అక్కడి బలిపీఠ చిత్రం మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే చూడనిస్తారు. ఈపర్ అనే ఊళ్లో రాత్రి ఎనిమిదికి బ్యూగిల్ ఊదుతారు. ఎనిమిదీ అయిదుకి వెళ్తే చూసేది సద్దుమణుగుతున్న జనాన్ని.

ఇవి రాసుకున్నాక మకాం ఎక్కడో తేల్చాలి. నా ఓటు గెంట్‌కి. బ్రస్సెల్స్ నుంచి బ్రూజ్ వెళ్లే లైను మీదే మధ్యలో ఉంటుంది. యూనివర్సిటీ ఊరు. చీకటి పడ్డాక కూడా వీధుల్లో అక్కడివాళ్లే కనిపిస్తారు, నది ఒడ్డున మెట్ల మీద కూర్చుని కబుర్లాడుకుంటూ. 2017 నుంచి నడిబొడ్డులో చాలామేర కార్లకు అడ్డుకట్ట వేశారు. పెద్దవాళ్లతో తిరిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. పైగా గెంట్ గంటస్తంభానికి మొదటి అంతస్తు నుంచి లిఫ్టుంది. బ్రూజ్ స్తంభానికి 366 మెట్లు, లిఫ్టు మాటే లేదు. ఈ ఒక్క సంగతితోనే పిన్ని ఓటు కూడా గెంట్‌కి పడిపోయింది.

శనివారం ఉదయం గెంట్‌లోని సెయింట్ బావో కెథడ్రల్‌కి టైముతో సహా టికెట్టు ముందే కొనమన్నాను. ఈ ప్రయాణంలో ముందుగా కొనాల్సింది దాదాపు అదొక్కటే. హూబర్ట్ వాన్ ఐక్ మొదలుపెట్టి, అతను పోయాక తమ్ముడు యాన్ 1432లో పూర్తి చేసిన బలిపీఠ చిత్రం అక్కడ ఉంది, పన్నెండు చెక్క పలకలు. గాజు వెనక నిలబెట్టి ఉంటుంది. మనవాళ్లు సాధారణంగా ఫొటో తీసుకుని అయిదు నిమిషాల్లో బయటికొస్తారు. నేనైతే కింది వరుసలో నడిమి పలక దగ్గర నిలబడమంటాను. పచ్చిక బయలు మధ్య పీఠం మీద గొర్రెపిల్ల, రొమ్ము నుంచి నెత్తురు పాత్రలోకి ధార కడుతూ ఉంటుంది. దాని ముఖం మీద పదహారో శతాబ్దంలో ఎవరో మళ్లీ రంగు పూశారు. 2012లో మొదలైన పునరుద్ధరణలో ఆ పై పూత తీసేసరికి అసలు ముఖం బయటపడింది. మామూలు గొర్రెకి కళ్లు పక్కలకుంటాయి. దీని కళ్లు మాత్రం రెండూ ముందుకే, మనిషిలా సూటిగా మనల్నే చూస్తాయి. ఆ ఫొటోలు బయటికొచ్చినప్పుడు లోకమంతా నవ్వుకుంది. దగ్గరికెళ్లి చూసినవాళ్లు మాత్రం అంత సులువుగా నవ్వలేరు. ఆ పచ్చిక కూడా ఆకుపచ్చ రంగు పులిమింది కాదు. ఏ మొక్క ఏదో వృక్షశాస్త్రం తెలిసినవాళ్లు పేరు పెట్టి చెప్పేంత విడివిడిగా ఉంటుంది. మరమ్మతు దశలవారీగా సాగుతూ వస్తోంది గనక ఏవైనా పలకలు పనికోసం తీసి ఉన్నాయేమో టికెట్టు కొనేముందే చూసుకోమన్నాను.

ఎడమ చివర కింది పలక నకలు. అసలుది 1934 ఏప్రిల్‌లో ఒక రాత్రి దొంగలెత్తుకెళ్లారు, ఇప్పటికీ దొరకలేదు. ఈ మాట చెప్పగానే పిన్ని కోడలు, మా మరదలు, "నకలు కూడా కలిపి చూపిస్తున్నప్పుడు టికెట్లో పన్నెండో వంతు తగ్గించాలిగా బావగారూ" అంది. ఆ అమ్మాయి అకౌంట్స్‌లో పనిచేస్తుంది.

శనివారం సాయంత్రం దగ్గర అసలు తకరారు వచ్చింది. ఆ సాయంత్రం బ్రూజ్‌కివ్వాలని నా కోరిక. బ్రూజ్‌ని పొద్దున పదింటి నుంచి సాయంత్రం అయిదు దాకా చూడకూడదని నా గట్టి అభిప్రాయం. బస్సుల్లో, రైళ్లలో పగటిపూట జనం వచ్చిపడతారు, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతారు. జూన్‌లో అక్కడ పొద్దు గుంకేసరికి రాత్రి పది. ఆరు నుంచి పది దాకా కాలువల పక్కన నడిస్తే ఊరు మనకొక్కళ్లకే రాసిచ్చినట్టుంటుంది. మ్యూజియాలు అప్పటికి మూసేస్తారు, యాన్ వాన్ ఐక్ గీసిన కానన్ వాన్ డెర్ పేలే చిత్రం చూడకుండా రావాలి. అది మామూలు నష్టం కాదు. అయినా సరే అనేవాణ్ని.

కానీ బాబాయి మిలిటరీలో సుబేదారుగా రిటైరైన మనిషి. ఈపర్ పేరెత్తగానే ఆయన ఫోను వాడి చేతిలోంచి లాక్కున్నారు. ఆంగ్ల పుస్తకాల్లో యీప్ర్ అని ఉండేది ఈ ఊరే, రైలు బోర్డు మీద మాత్రం ఈపరే. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914 అక్టోబరులో భారత సైనికుల్ని ఈ ఊరి చుట్టుపక్కల కందకాల్లోకి దింపారు, ఎండాకాలపు బట్టలతోనే చాలామందిని. దగ్గర్లోని హోల్‌బెకె దగ్గర అక్టోబరు 31న మెషీన్‌గన్ వదలకుండా నిలబడ్డ ఖుదాదాద్ ఖాన్‌కి విక్టోరియా క్రాస్ వచ్చింది. భారతీయ సిపాయికి అది రావడం అదే మొదలు. ఊళ్లో మెనిన్ గేట్ అనే పెద్ద కమాను ఉంది. శవం కూడా దొరకని దాదాపు 55 వేల మంది పేర్లు దాని గోడల మీద చెక్కారు. అందులో నాలుగు వందలకు పైగా భారతీయులవి. ఎక్కువగా పంజాబు, గఢ్వాల్, నేపాల్ వైపు మనుషులు. తెలుగు పేర్ల కోసం వెతకొద్దని బాబాయికి ముందే చెప్పాను. "ఎవడైతేనేంరా, యూనిఫారం అదేగా" అన్నారు.

1928 నుంచి రోజూ రాత్రి ఎనిమిదికి ఆ కమాను కింద ట్రాఫిక్ ఆపి బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ ఊదుతున్నారు. జర్మన్లు ఊరిని ఆక్రమించిన కాలంలో ఆగింది. 1944 సెప్టెంబరులో పోలిష్ దళాలు ఊరిని విడిపించిన సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టారు. గెంట్ నుంచి కోర్ట్‌రైక్‌లో రైలు మారి గంటంపావు ప్రయాణం. ఏడున్నరకల్లా కమాను కింద చేరిపోతే బాబాయికి ముందు వరుసలో చోటు దొరుకుతుంది. దాంతో నా బ్రూజ్ సాయంత్రం పోయింది. దానికి బదులు ఆదివారం పొద్దున్నే ఎనిమిదికల్లా బ్రూజ్‌లో దిగమన్నాను. జనం రాకముందు రెండు గంటలు దొరుకుతాయి. పది ప్రాంతంలో కాలువల్లో పడవలు మొదలవుతాయి, అరగంట కూర్చుని ఊరు చూడొచ్చు. మొదటి పడవ ఎక్కి దిగగానే స్టేషన్‌కి తిరుగుముఖం.

ఇక తిండి. పిన్ని శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. "బంగాళాదుంప వేపుళ్ల దేశమటగా, ఇంకేం" అని ధీమాగా ఉంది. అక్కడి ఫ్రిట్ బండి దగ్గర నిలబడి చూస్తే ముచ్చటేస్తుంది. వేలెడు మందాన కోసిన ముక్కల్ని ముందు తక్కువ వేడిలో వేయించి తీసి చల్లారబెడతారు. గిరాకీ వచ్చాక ఎక్కువ వేడిలో మళ్లీ వేస్తారు. మన బండి మీద మిర్చి బజ్జీని సగం వేయించి పెట్టుకుని అడిగినప్పుడు రెండోసారి వేసిచ్చినట్టే. పైన కరకర, లోపల పిండిలా మెత్తన. నూనె వార్చి, ఉప్పు చల్లి, గిన్నెలో ఎగరేసి, కాగితం పొట్లంలో పోసి ఇస్తారు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పాతకాలం పద్ధతిలో ఆ వేపుడు గొడ్డు కొవ్వులో. ఇప్పుడు మొక్కల నూనె వాడే బళ్లూ ఉన్నాయి. కాబట్టి పొట్లం చేతికి రాకముందే అడగాలి. పిన్నికి చెప్పడానికి నాకే నోరు రాలేదు. మరదలు నెమ్మదిగా చెప్పింది. చాలాసేపు అవతలి నుంచి మాట లేదట. గెంట్‌లో 2009 నుంచి గురువారం గురువారం శాకాహారం తినండని నగరపాలక సంస్థే ప్రోత్సహిస్తోందనీ, అక్కడ శాకాహార హోటళ్లకి కొదవ లేదనీ నేను తర్వాత పూరించాను. మనం వెళ్లేది శనివారం అని పిన్ని గుర్తుచేసింది.

చిన్నవి కొన్ని. స్టేషన్లలో బాత్రూముకి చిల్లర కావాలి, పెద్దవాళ్లుంటే జేబులో నాణేలు గలగలలాడుతూ ఉండాలి. హోటల్లో మంచినీళ్లు అడిగితే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు. జూన్ అయినా సరే వాన కోటు. షెంజెన్ వీసా గనక సరిహద్దు దగ్గర మామూలుగా ఎవరూ ఆపరు, అయినా పాస్‌పోర్టులు వెంట ఉండాలి. విమానంలో వచ్చేవాళ్లకి ఒక మాట. చవక టికెట్టు మీద "బ్రస్సెల్స్ సౌత్" అని ఉంటే అది షార్లెరువా. అక్కణ్నుంచి బ్రస్సెల్స్‌కి బస్సులో గంట.

ఆంట్‌వెర్ప్ కోసం మావాడు చాలాసేపు పోట్లాడాడు. ఇంటికెళ్లే రైలు ఎలాగూ అక్కడ మారాలి గనక మధ్యలో ఒక గంట ఇచ్చాను. 1905లో కట్టిన ఆ స్టేషను గుమ్మటం కింద నిలబడి, పిన్నికి కాఫీ ఇప్పించి, బయటికి రాకుండానే తిరిగి రైలెక్కమన్నాను. పక్క వీధిలోనే వజ్రాల కొట్లున్నాయని వాడికి తెలుసు. పిన్నికి తెలియనివ్వలేదు.

చివరికి కొట్టేసినవి అటోమియం, లువెన్, మొత్తం బ్రస్సెల్స్. అటోమియం పోయినందుకు నాకు దిగుల్లేదు. 55.5 సెంటీమీటర్ల మానెకిన్ పిస్ పోయినందుకు అసలే లేదు, దాన్ని చూసినవాళ్లంతా "ఇంతేనా" అన్నవాళ్లే. గ్రాండ్ ప్లేస్ పోవడం మాత్రం నాకూ కష్టంగానే ఉంది. 1695లో ఫ్రెంచి ఫిరంగులు ఆ చౌకుని బూడిద చేస్తే, వృత్తిసంఘాల వాళ్లు కొద్ది ఏళ్లలోనే అంతకంటే దర్జాగా తిరిగి కట్టుకున్నారు. సరి సంవత్సరాల్లో ఆగస్టు నడుమ కొద్ది రోజులు ఆ చౌకునంతా పూలతో తివాచీలా పరుస్తారు. పిన్నీ బాబాయీ జూలై ఆఖరుకే ఇంటికి తిరిగొచ్చేస్తారు. "అయితే అది మేమిద్దరమే వెళ్లొస్తాం బావగారూ, దానికి ప్లానేమీ వెయ్యం" అంది మరదలు.