మనసు అడుగున ఏముందో చెప్పే పుస్తకాలు

సబ్‌కాన్షస్ మైండ్ శక్తిని మేల్కొలపమని చెప్పే పుస్తకాలన్నిటిదీ ఇంచుమించు ఒకటే వాదన. మనిషి తెలిసి చేసే ఆలోచన కొంచెమే. తెలియకుండా లోపల నడిచేదే ఎక్కువ. ఆ లోపలిదానికి మాట చేరవేసే పద్ధతి పట్టుబడితే జబ్బు, భయం, బద్ధకం, డబ్బు కటకట అన్నీ దారికొస్తాయి. ఇందులో మొదటి రెండు మాటలకు మనస్తత్వ శాస్త్రంలో ఆధారాలు బోలెడున్నాయి. చిక్కంతా మూడో మాటతోనే. ఎంతవరకు దారికొస్తాయి, ఎక్కడ రావు అన్నది పుస్తకంలో ఏ పేజీలో ఉందో వెతికితే దాని సంగతి చాలావరకు తేలిపోతుంది. చాలా పుస్తకాల్లో ఆ పేజీ ఉండదు.

ఈ దారి తొక్కినవారిలో ముందుగా చెప్పుకోవాల్సినవాడు ఫ్రాన్స్‌కు చెందిన ఎమిల్ కూయే అనే మందుల దుకాణదారు. తాను రోజురోజుకీ మెరుగవుతున్నానన్న వాక్యాన్ని, ఇరవై ముడులున్న తాడు పట్టుకుని జపం చేసినట్టు, పొద్దునా రాత్రీ అనుకోమన్నాడు. అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ 1960లో, జోసెఫ్ మర్ఫీ 1963లో దాన్నే పెద్ద పుస్తకాలుగా పెంచారు. తెలుగువారికి ఈ సరుకు కొత్తది కాదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’, బి.వి. పట్టాభిరామ్ హిప్నాటిజం ప్రదర్శనలు, వ్యక్తిత్వ వికాస రచనలు తెలియని ఇల్లు తక్కువ. పైగా చెడు మాట నోట వస్తే తథాస్తు దేవతలు వింటారని పెద్దలు కసిరే ఇళ్లలో, అనుకున్నదే జరుగుతుందన్న సిద్ధాంతానికి వేరే ప్రచారం అక్కర్లేదు.

ఈ రచనల చరిత్రలో ఆస్ట్రేలియాకు దాని జనాభాకు మించిన వాటా ఉంది. ఆ వాటాలో మంచీ చెడూ రెండూ పెద్దవే.

మంచి వైపు మొదట చెప్పాల్సిన పేరు సిడ్నీ వైద్యురాలు క్లెయిర్ వీక్స్. 1903లో పుట్టిన ఆమె మొదట జీవశాస్త్రవేత్త. పిల్లల్ని కనే జాతి బల్లుల మీద పరిశోధించి, సిడ్నీ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా పొందిన తొలి మహిళ అయింది. వయసులో ఉన్నప్పుడు క్షయ అని పొరపాటున తేల్చి ఆమెను శానిటోరియంలో పెట్టారు. బయటికొచ్చాక గుండెదడ పట్టుకుని వదల్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడివచ్చిన ఒక స్నేహితుడు, ఇలాంటి దడ సైనికుల్లో మామూలేనని, దడ చూసి భయపడటం వల్లే అది నిలబడుతోందని చెప్పాడు. ఆ తర్వాత ఆమె వైద్యం చదివి 1945లో డాక్టరైంది. 1962లో ‘సెల్ఫ్ హెల్ప్ ఫర్ యువర్ నర్వ్స్’ అచ్చయింది.

అది ఫ్రాయిడ్ పేరు గట్టిగా వినిపిస్తున్న కాలం. భయం పోవాలంటే బాల్యంలో దాని వేరు తవ్వి తీయాలనేవారు. వీక్స్ ఆ తవ్వకం చాలామందికి అనవసరం అంది. భయం ఎలా మొదలైందన్నదాని కంటే ఇప్పుడు ఎలా నిలబడుతోందన్నది ముఖ్యమంటూ, దాన్ని అడుగడుగునా విప్పి చూపింది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి. ఇది మొదటి భయం. మనిషి ఆపమన్నా ఆగదు, ఇచ్ఛకు లొంగని నరాల పని అది. ఆ వెంటనే ‘అమ్మో, ఇదేంటి, గుండె ఆగిపోతుందేమో’ అన్న ఆలోచన వస్తుంది. ఇది రెండో భయం. ఈ రెండోదానికి అడ్రినలిన్ మళ్లీ విడుదలై దడ ఇంకా పెరుగుతుంది. పెరిగిన దడను చూసి మళ్లీ భయం. అలసిన నరాలు చిన్నదానికే ఉలిక్కిపడటం నేర్చుకుంటాయి. రోగి రెండు భయాలనూ ఒకటే అనుకుంటాడు. వాటిని విడదీసి చూపడమే ఆమె చేసిన పని. మొదటిదాని మీద రోగికి పట్టు లేదు, రెండోదాని మీద కొంత ఉంది.

విరుగుడు నాలుగు మాటల్లో చెప్పింది: ఎదురుపడు, ఒప్పుకో, తేలిపో, కాలాన్ని గడవనివ్వు. దుకాణం గుమ్మం దగ్గర కాళ్లు బిగుసుకుపోయిన మనిషి పళ్లు బిగించి లోపలికి తోసుకుపోతే బిగువు రెట్టింపవుతుంది. ఒళ్లు వదిలేసి, వణుకు వణుకుతుండగానే, గాలిలో తేలుతున్నట్టు అనుకుని అడుగేస్తే కాళ్లు కదులుతాయి. నాలుగో మాట మీదే ఆమెకు పట్టింపు ఎక్కువ. రోజుల్లో తగ్గిపోతుందని చెప్పలేదు. తగ్గాక కూడా ఒక వాసనకో, ఒక వీధికో పాత భయం తిరగబెడుతుందని, అది ఓటమి కాదని, ఆ రోజుకు ముందే సిద్ధంగా ఉండమని పుస్తకంలోనే రాసింది. ఇంట్లోంచి అడుగు బయటపెట్టలేని వాళ్లకోసం గ్రామఫోను రికార్డులు పంపింది, ఆ అనుభవాన్ని 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ప్రచురించింది. లోపలి మనసు పేరెత్తకుండానే దాని పనితీరును ఇంత దగ్గరగా చూపిన సెల్ఫ్‌హెల్ప్ పుస్తకం అరుదు. అప్పట్లో మానసిక వైద్యులు దీన్ని మామూలు డాక్టరమ్మ చిట్కాగా తీసిపారేశారు. తర్వాత ఆందోళన చికిత్సలో నిలబడిన పద్ధతులకు ఆమె చెప్పినదానితో చాలా పోలికలున్నాయి.

మెల్‌బోర్న్ మానసిక వైద్యుడు ఏన్స్‌లీ మేర్స్ దారి వేరు. ఆయన హిప్నాటిజంలో పేరున్నవాడు. 1960లో వైద్య హిప్నాటిజం మీద పాఠ్యగ్రంథం రాశాడు. నేపాల్‌లో శివపురి బాబాను కలిశాడు. క్రమంగా హిప్నాటిజం వదిలి, మంత్రమూ ధ్యాసా లేకుండా ఊరికే నిశ్చలంగా కూర్చునే ధ్యానానికి వచ్చాడు. 1967 నాటి ‘రిలీఫ్ వితౌట్ డ్రగ్స్’ ఆ పద్ధతిదే. ఆందోళనకూ నొప్పికీ ఉపశమనం అన్నంతవరకు పేచీ లేదు. 1970లలో ఆయన క్యాన్సర్ దాకా వెళ్లాడు. ధ్యానం తర్వాత కణితులు తగ్గిన కేసులంటూ ఆస్ట్రేలియా వైద్య పత్రికలో రాశాడు.

వాటిలో అందరికీ తెలిసింది ఇయాన్ గాలర్ కేసు. పశువైద్యుడైన గాలర్‌కు ఎముక క్యాన్సర్ వచ్చి 1975 జనవరిలో కాలు తీసేశారు. ఆ ఏడాదే జబ్బు తిరగబెట్టిందన్నారు. ధ్యానం, ఆహార నియమాలు, కొంత కీమోథెరపీ, ఫిలిప్పీన్స్ విశ్వాస వైద్యులు, సత్యసాయి బాబా దర్శనం, ఆయన పట్టని దారి లేదు. 1978 కల్లా గడ్డలు పోయాయి. 1984లో వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘యూ కెన్ కాంకర్ క్యాన్సర్’. క్యాన్సర్‌ను జయించగలరన్న ఆ మాట ఎందరో రోగుల చేతికి చేరింది. 2012లో ఇయాన్ హెయిన్స్, రే లోవెంథాల్ అనే ఇద్దరు క్యాన్సర్ వైద్యులు ఒక అనుమానం లేవదీశారు. రెండోసారి వచ్చిన గడ్డలకు బయాప్సీ జరగలేదు. 1978లో ఆయనకు క్షయ ఉన్నట్టు తేలింది. ఆ గడ్డలు మొదట్నుంచీ క్షయవే కావచ్చు కదా? గాలర్ ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమైనా, ఇన్ని చికిత్సలు కలిసిపోయిన ఒక్క మనిషి కథలో ఏది పనిచేసిందో విడదీసి చెప్పడం కుదరదు. ధ్యానం రోగి రోజును తేలిక చేస్తుందనడం ఒకటి, కణితిని కరిగిస్తుందనడం వేరొకటి. ఈ రెంటి మధ్య గీత చెరిగిన చోట నష్టపోయేది మందు మానేసిన రోగి.

ఆ గీతను పూర్తిగా చెరిపేసిన పుస్తకం కూడా మెల్‌బోర్న్‌దే. టీవీ నిర్మాత రోండా బర్న్ 2004 చివర్లో, తండ్రి పోయిన దిగులులో, కూతురిచ్చిన పాత పుస్తకం చదివింది. అది ధనవంతులవడమెలాగో చెబుతూ వాలస్ వాటిల్స్ 1910లో రాసినది. దాన్నుంచి 2006లో ముందు ‘ద సీక్రెట్’ సినిమా, ఆ నవంబరులో పుస్తకం వచ్చాయి. 2007 ఫిబ్రవరిలో ఓప్రా విన్‌ఫ్రే షోకెక్కాక కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి. తెలుగులోనూ వచ్చింది. సూత్రం మూడు మాటలే: అడుగు, నమ్ము, అందుకో. ఆలోచనకు ఫ్రీక్వెన్సీ ఉంటుందని, అది తనలాంటి సంఘటనలను లాక్కొస్తుందని పుస్తకం అంటుంది. ఒళ్లు పెరగడానికి కారణం తిండి కాదట, తిండితో ఒళ్లొస్తుందన్న ఆలోచనట. రచనగా చూస్తే నేర్పుంది. పొట్టి వాక్యాలు, పార్చ్‌మెంటు రంగు పేజీలు, దాచిపెట్టిన రహస్యమన్న ఊరింపు, చెప్పేవారంతా గెలిచినవాళ్లే.

అయితే ఈ సూత్రం ఓడిపోవడానికి వీల్లేకుండా కట్టింది. కోరింది రాకపోతే నమ్మకం చాలలేదనే సమాధానం సిద్ధంగా ఉంటుంది. కష్టం వచ్చినవాడే దాన్ని పిలుచుకున్నాడన్న అర్థం దాంతోపాటే వస్తుంది. కర్మ సిద్ధాంతం కనీసం నేరాన్ని పోయిన జన్మకు నెడుతుంది, ఇక్కడ ఆ వెసులుబాటు కూడా లేదు. సినిమాలో బోధించినవారిలో ఒకడైన జేమ్స్ ఆర్థర్ రే 2009 అక్టోబరులో అమెరికాలోని అరిజోనాలో వేడి గుడారంలో జరిపిన శిబిరంలో ముగ్గురు చనిపోయారు. 2011లో కోర్టు అతనికి రెండేళ్ల శిక్ష వేసింది.

ఊహించుకుంటే ఫలితం ఉంటుందా అన్నదాన్ని ప్రయోగశాలలు చాలాసార్లు పరీక్షించాయి. సెల్ఫ్‌హెల్ప్ పుస్తకాల్లో తెగ తిరిగే బాస్కెట్‌బాల్ కథ ఒకటుంది. రోజూ బంతి వేసి సాధన చేసినవాళ్లు 24 శాతం, ఊహలోనే వేసినవాళ్లు 23 శాతం మెరుగయ్యారని. దీన్ని పెర్త్‌లోని వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయ పరిశోధకుడు అలన్ రిచర్డ్‌సన్‌కు అంటగట్టడం రివాజు. ఆయన ఈ విషయం మీద రాసిన సమీక్షలు 1967 నాటివి. ఆ అంకెలు మాల్ట్జ్ పుస్తకంలో 1960లోనే ఉన్నాయి. అసలు మొత్తం ప్రయోగాలను కలిపి లెక్కగట్టిన 1994 నాటి పరిశీలనలో తేలింది ఇంతే: ఊహలో సాధన పనికొస్తుంది, నిజం సాధనంత కాదు, రోజులు గడిచేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది. ఇంకో తేడా 1999లో లాస్ ఏంజెలెస్ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో బయటపడింది. పరీక్షకు ముందు మంచి మార్కులొచ్చినట్టు ఊహించుకున్నవాళ్లు తక్కువ చదివారు. కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకున్నవాళ్లు ఎక్కువ చదివి ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. ‘ద సీక్రెట్’ చెప్పేది మొదటి రకం ఊహ.

ఊహించుకోమనే పుస్తకాలన్నీ పాఠకుడికి కళ్లు మూసుకుంటే బొమ్మ కనిపిస్తుందనే అనుకుంటాయి. కొందరికి ఆ బొమ్మ అసలు రాదు. ఆ స్థితిని అఫాంటసియా అంటారు. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో రెబెకా కియో, జోయెల్ పియర్సన్ 2018లో దీనికి ప్రయోగంతో ఆధారం చూపారు. ఒక కంటికి ఎర్ర గీతలు, రెండో కంటికి పచ్చ గీతలు ఒకేసారి చూపితే మెదడు ఏదో ఒకదాన్నే చూస్తుంది. ముందుగా ఎరుపును ఊహించుకుంటే చాలామందికి ఎరుపే కనబడుతుంది. అఫాంటసియా ఉన్నవారిలో ఆ మొగ్గు లేదు. అంటే వాళ్లకు నమ్మకం చాలక కాదు, లోపల బొమ్మే లేదు.

పియర్సన్ బృందం 2016లో అంతర్‌బుద్ధిని కూడా కొలిచింది. తెర మీద చుక్కల గుంపు ఎడమకు కదులుతోందా కుడికా అన్నది చెప్పాలి. అదే సమయంలో, చుక్కల దిక్కుకు జతగా, ఒక కంటికి కుక్కపిల్లలాంటి ఇంపైన బొమ్మో, పాములాంటి భయపెట్టే బొమ్మో చూపుతూ, రెండో కంటికి మిరుమిట్లు గొలిపే నమూనా చూపి ఆ బొమ్మ తెలియకుండా అణచేశారు. కనబడలేదన్న బొమ్మలే చుక్కల దిక్కు తేల్చుకోవడంలో సాయపడ్డాయి. సమాధానాలు ఎక్కువ సరిపోయాయి, ధీమా పెరిగింది. సాధనతో సాయమూ పెరిగింది.

ఈ పని ఆధారంగా పియర్సన్ 2024లో ‘ది ఇంట్యూషన్ టూల్‌కిట్’ రాశాడు. లోపలి మనసు మాట వినమని చెప్పే పుస్తకమే ఇది కూడా. కానీ ఎప్పుడు వినకూడదన్నదానికే ఎక్కువ చోటిచ్చింది. కోపంలోనో దిగులులోనో ఉన్నప్పుడు వినొద్దంటాడు. అనుభవం లేని పనిలో వినొద్దు, ఎందుకంటే లోపల నేర్చుకున్నదేమీ లేదు. వ్యసనపు కోరికను అంతర్వాణి అనుకోవద్దు. సంభావ్యతల లెక్కల్లో అసలు నమ్మొద్దు. ఆఖరిది, ఒక చోట నేర్చినది ఇంకో చోట పనికిరాకపోవచ్చు: ఆసుపత్రిలో పండిన డాక్టరు ఊహ షేర్ మార్కెట్లో ఎవరి ఊహతోనైనా సమానమే.