కొంగు చేసే పనులు

మల్లాపూర్, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఏ వాడకు పోయినా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసే ఆడవాళ్లు కనిపిస్తారు. తడిపిన తునికాకును రేకు కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, మూతి మడిచి దారం కట్టాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఘాటుకు తుమ్మొచ్చినా, చెమట కారినా చేయి పోయేది కొంగు మీదికే. జూపాక సుభద్ర కవిత్వం ఎట్లా నడుస్తుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు నాకు తోచలేదు.

ఉమ్మడి వరంగల్ జిల్లాలోని దామరంచపల్లి ఆమెది. సచివాలయంలో ఉద్యోగం చేస్తూనే రాశారు, దళిత స్త్రీల తరఫున కొట్లాడారు. గోగు శ్యామలతో కలిసి 2006లో ‘నల్లరేగటి సాల్లు’ అనే మాదిగ ఆడవాళ్ల కథల సంకలనం తెచ్చారు. ‘అయ్యయ్యో దమ్మక్క’ ఆమె కవితా సంపుటి.

తెలుగు స్త్రీవాద కవిత్వం పైటను సంకెలగా చూసింది. దాన్ని తగలేయమంది జయప్రభ కవిత. ఆ కోపం న్యాయమైనదే. 1993లో వచ్చిన ‘నీలిమేఘాలు’ సంకలనం ఆ తరం గొంతులను ఒకచోట చేర్చింది. సుభద్ర ‘కొంగు’ కవితను ఆ పైట కవితకు జవాబుగా చదువుతారు. ఆ కవిత ఎత్తుకోవడమే కాదనడంతో: కొంగంటే రొమ్ము మీద కావలి ఉండే గుడ్డ కాదని. అక్కడినుంచి కొంగు చేసే పనులు ఒక్కొక్కటే చెప్పుకొస్తుంది. కూలి చేసుకునే మనిషికి అది పనిముట్టు, తోడు. వాదన ఎక్కడా వాదనలా వినిపించదు, పనులే వాదిస్తాయి. కులం అన్న మాట గట్టిగా అనకుండానే, ఎవరి కొంగు ఎవరిదో తేలిపోతుంది. నా మటుకు తెలుగు స్త్రీవాదంలో ఇంత పదునైన పేచీ మరొకటి లేదు.

ఇట్లాంటి పేచీయే అమెరికాలో కవయిత్రి నెల్లీ వాంగ్ పెట్టుకుంది. 1934లో ఓక్లండ్‌లో చైనా వలస కుటుంబంలో పుట్టి, బెత్లెహెమ్ స్టీల్ కంపెనీలో ఏళ్ల తరబడి సెక్రటరీగా పనిచేసింది. మొదటి కవితల పుస్తకం 1977లో వచ్చింది. తెల్ల స్త్రీల ఉద్యమానికి రంగు, కూలి రెండూ సరిగా ఆనడం లేదని సోషలిస్టు స్త్రీవాదిగా నిలదీసింది. ‘అన్‌బౌండ్ ఫీట్’ అనే చైనీస్ అమెరికన్ రచయిత్రుల బృందంతో కలిసి వేదికల మీద చదివింది. అక్కడ ఆమె, ఇక్కడ సుభద్ర, ఇద్దరూ ఆఫీసు ఉద్యోగులే. సెలవు దొరికితేనే కవిత్వం అనుకునే రకం కాదు.

సుభద్ర భాష సంగతీ చెప్పాలి. వాడకట్టులో మాట్లాడినట్టే రాస్తారు, పట్నం పాఠకుడి కోసం మాట మార్చరు. తెలియని మాట వస్తే అడిగి తెలుసుకునే పని ఈసారి వాడిది. (ఇన్నాళ్లూ ఆ పని పల్లె పిల్లలే చేశారు, బడి పుస్తకాలతో.)

పనులు ఒక్కొక్కటే చెప్పుకుపోయే సుభద్ర పద్ధతిని అనుకరించడం తేలికనుకుని పార, తట్ట, చీపురు పేర్లు వరుసగా పేర్చేవాళ్లు ఉన్నారు. అట్లా పేర్చితే సామాన్ల పట్టీ అవుతుంది. మల్లాపూర్ చాట మీద కవిత రావాలంటే, ఆకు చుట్టే వేళకు పిల్ల ఏడిస్తే ఏ చేయి ఆపాలో, ఆపితే సాయంత్రానికి ఎన్ని బీడీలు తగ్గుతాయో అందులో ఉండాలి.