ఇల్లు మారే హంస

ప్రాణం విడుస్తున్న హంసకు రంగస్థలమంత చోటు అక్కర్లేదని 2020 మే నెలలో చూశాను. కరోనాతో థియేటర్లకు తాళాలు పడిన రోజులవి. పనిలేక ఇంట్లో కూర్చున్న బాలే కళాకారులకు ఆసరాగా బాలే నర్తకులు మిస్టీ కోప్‌లాండ్, జోసెఫ్ ఫిలిప్స్ 14 దేశాల నుంచి 32 మంది నర్తకీమణులను ఒక్క వీడియోలో కలిపారు. పేరు ‘స్వాన్స్ ఫర్ రిలీఫ్’.

నాట్యం పాతదే, అన్నా పావ్లోవా కోసం మిఖాయిల్ ఫోకిన్ కూర్చిన ‘డైయింగ్ స్వాన్’. దానికి స్వరకర్త సాఁ-సాఁస్ 1886లో కట్టిన సెల్లో పాట. ఇందులో గాలిలోకి గెంతడాలు లేవు, ఒంటికాలి మీద గిరగిరా తిరగడాలు లేవు. మునివేళ్ల మీద నిలిచి వేసే చిట్టిచిట్టి అడుగులే అంతా. నీటి కింద కాళ్లు తొందరపడుతుంటే, నీటి పైన ఒళ్లు తొణకదు. మన నాట్యంలో హంసాస్య హస్తం పడితే హంస ముఖం వేళ్ల కొసల్లో వాలుతుంది. ఇక్కడ చెయ్యి మొత్తం రెక్కే: భుజాన పుట్టిన అల మోచేతి దగ్గర వంగి, మణికట్టులో తడబడి, వేలికొసన ఆరిపోతుంది.

ఆరిపోయేలోపే ఇంకో దేశంలో, ఇంకో గదిలో మరొకామె ఆ అలను అందుకుంటుంది. గది మారుతుంది, సెల్లో తెగదు. రంగస్థలం మీదైతే చుట్టూ ఉన్న చీకటి శోకానికి ఉద్దీపన విభావం, అంటే దాన్ని రగిలించే పరిసరం. ఇక్కడ ఆ పని ఇల్లే చేసింది. మనుషులు బతుకుతున్న చోట, రోజూ నడిచే నేల మీద హంస కొనఊపిరితో ఉంటే, అది ఎక్కడో కథలోని హంస అనుకోలేం.

నాట్యశాస్త్రంలో భరతుడు కరుణ రసానికి శోకాన్ని స్థాయీభావంగా పెట్టి, మరణాన్ని 33 వ్యభిచారి భావాల్లో ఒకటిగా లెక్కించాడు. వాటికే సంచారులని, అంటే తిరిగేవని, ఇంకో పేరు. ఆ మాటకు అర్థం నాకు ఆ వేసవిలోనే ఒంటికి తగిలింది. బయట చావు ఇల్లిల్లూ తిరుగుతోంది; తెర మీద అదే దారిలో, ఇంటి నుంచి ఇంటికి, హంస వెళుతోంది.

చివరికి అది ఒరుగుతుంది. ఒరగక తప్పదు. కానీ పోయినవారిని మోయడానికి నలుగురు దొరకని ఆ రోజుల్లో, ఈ ఒక్క హంసను 32 మంది మోశారు.