కొండగొఱ్ఱె పిల్లలు, కొండగొఱ్ఱె ఉన్ని
గ్రంథ విమర్శ

ఇంగ్లండు వాయవ్యభాగమున, కంబ్రియా ప్రాంతములో, లేక్ డిస్ట్రిక్ట్ అను సరస్సుల సీమ కలదు. అచటి కొండలపై వానకును చలిగాలికిని ఓర్చి బ్రతుకు గొఱ్ఱెలను హెర్డ్‌విక్ జాతి అందురు. అచట తరతరములుగా గొఱ్ఱెలను మేపుచున్న కుటుంబములో పుట్టిన జేమ్స్ రీబాంక్స్ 2015లో 'ది షెపర్డ్స్ లైఫ్' అను గ్రంథమును ప్రకటించెను. 'గొఱ్ఱెలకాపరి జీవితము' అని దాని పేరునకు అర్థము. ఇది విజ్ఞానశాస్త్ర గ్రంథము కాదు. అయినను జీవశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు తప్పక చదువదగినది. ఒక్క విషయములో మాత్రము ఇది పాఠకుని సగము త్రోవలో విడిచినది. ఆ మంచిని, ఆ లోపమును చెప్పుటకే ఈ వ్యాసము.

గ్రంథము వేసవితో మొదలై వసంతముతో ముగియును. గొఱ్ఱెలు ఈనునది ఆ వసంతముననే. ఏప్రిల్ నెలలోనే ఎందుకు ఈనవలయును? ఇది వట్టి ఆచారము కాదు, గడ్డిని బట్టి కట్టిన లెక్క. గొఱ్ఱె గర్భకాలము సుమారు 147 దినములు. ఆ దేశపు గొఱ్ఱెలు పగటి వెలుగు తగ్గు ఋతువునందు ఎదకు వచ్చును. రాత్రి పొడుగైనకొలది మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అను హార్మోనును ఎక్కువసేపు స్రవించును. శరీరమునకు అదియే సంకేతము. కొండరైతులు నవంబరులో పొట్టేళ్లను మందలోనికి విడుతురు. ఏప్రిల్ నడుమకు పిల్లలు పుట్టును, అప్పటికి కొండమీద గడ్డి చిగిర్చును. పల్లపు నేలలలో గడ్డి ముందే మొలచును గనుక అచటి మందలు ముందే ఈనును. మన పాఠ్యపుస్తకములో 'అనుకూలనము' అను మాట ఒక నిర్వచనము. కాపరికి అది పంచాంగము.

ఈతకాలపు శ్రమను రీబాంక్స్ పూసగ్రుచ్చినట్లు వర్ణించెను. దాని వెనుకనున్న శాస్త్రమును ఉపాధ్యాయుడు జోడించుకొనవలయును. గొఱ్ఱెలో తల్లి రక్తమునందలి ప్రతిరక్షకములు మావిని దాటి పిల్లకు చేరవు. అవి ముఱ్ఱుపాలతోనే అందవలయును. పిల్ల ప్రేగు ఆ పెద్ద అణువులను జీర్ణింపక గ్రహింపగల కాలము దాదాపు ఒక్క దినమే. అందుచేతనే చలివానలో పుట్టిన పిల్లను మొదటి గంటలలో పొదుగునకు చేర్చుటకు కాపరి అంత ఆతురపడును. అది జాలి మాత్రమే కాదు, ఆ పిల్లకు రోగనిరోధక శక్తిని సంపాదించి పెట్టుట.

గ్రంథములో మిక్కిలి విలువైన భావము మరియొకటి కలదు. కంచెలు లేని ఉమ్మడి కొండపై ప్రతి మందయు తన మేతతావును ఎఱుగును. ఆ ఎఱుకను పిల్లలు తల్లుల వెంట తిరిగి నేర్చుకొనును. 2001లో బ్రిటనులో గాలికుంటువ్యాధి ప్రబలినప్పుడు లక్షల పశువులను వధింపవలసి వచ్చినది. అట్లు ఒక మంద నశించినచో దానితో ఆ ఎఱుకయు నశించును. కొనితెచ్చిన గొఱ్ఱెలకు ఆ కొండ తెలియదు. ఈ విషయమును ఇంత స్పష్టముగా బోధించు గ్రంథములు అరుదు.

ఇక లోపము. హెర్డ్‌విక్ పిల్ల నల్లగా పుట్టి, పెరిగినకొలది బూడిదవన్నెకు తిరుగును. దాని ఉన్ని బిరుసైనది. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. మెరీనో ఉన్నిపోగు మందము సుమారు 20 మైక్రానులు కాగా, హెర్డ్‌విక్ పోగు 35 మైక్రానులకు పైబడును. అందు రంగు సరిగా పట్టని బోలుపోగులును కలిసియుండును. కృత్రిమపు పోగులు వచ్చిన పిమ్మట ఇట్టి ఉన్ని ధర పడిపోయినది. ఇటీవలి సంవత్సరములలో పలువురు కొండరైతులకు ఉన్ని వెల కత్తిరింపు కూలికైనను చాలకున్నది. అయినను కత్తిరింపక తప్పదు. లేనిచో వేసవిలో ఈగలు ఉన్నిలో గ్రుడ్లు పెట్టి, పుట్టిన పురుగులు గొఱ్ఱె చర్మమును తినును.

రీబాంక్స్ దృష్టి మందమీదను, మనుష్యులమీదను నిలిచినది. ఉన్నిని ఒక పదార్థముగా పరీక్షించు పనికి ఆయన పూనుకొనలేదు. అందువలన పాఠకుడు 'ఉన్ని కాలము తీరిపోయినది' అను తలపుతో పుస్తకము మూయవచ్చును. ఆ తలపు సరియైనది కాదు. బిరుసు ఉన్ని చొక్కాకు పనికిరాదు, అంతమాత్రమున దేనికిని పనికిరాదనుట తర్కము కాదు.

ఉన్ని కెరటిన్ అను మాంసకృత్తు. దాని బరువులో ఇంచుమించు ఆరవ వంతు నత్రజని, గంధకమును కలదు. కావున అది మట్టిలో నెమ్మదిగా కుళ్లి ఎరువగును. ఆ కొండసీమలోనే దానిని బ్రాకెన్ అను ఫెర్నుమొక్కతో కలిపి మాగవేయుచున్నారు. ఉన్ని తన బరువులో మూడవ వంతు వరకు తేమను పీల్చియు తడిగా తోపదు. పోగుల నడుమ గాలి నిలుచును గనుక వేడిని పోనీయదు. సులభముగా అంటుకొనదు. ఈ గుణములచేత ఇండ్ల గోడలలోను కప్పులలోను చలి ఆపుటకు దానిని పఱచుచున్నారు. బిరుసుదనము తివాచీకి దోషము కాదు, గుణము: త్రొక్కినను పోగు మరల లేచును.

అయితే ఇచట అత్యుత్సాహమును కూడదు. ఉన్నిలోని జిడ్డును మట్టిని కడిగి తీయుటకు నీరు, యంత్రము, ఖర్చు కావలయును. కెరటిన్‌ను తిను చిమ్మటపురుగుల నుండి కాపాడవలయును. బరువు తక్కువై చోటు ఎక్కువ ఆక్రమించు సరకు గనుక రవాణాయు భారమే. ప్రయోగశాలలో కనుగొన్న ఉపయోగము కాపరి చేతికి నాలుగు డబ్బులు చేర్చినప్పుడే నిజమైన ఉపయోగమగును.

ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. తెలంగాణములో దక్కనీ గొఱ్ఱె బిరుసు ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గొంగడి నేయుదురు. వానను చలిని ఆపుటలో దానికి పేరు. మాంసమునకై ఉన్ని లేని జాతులవైపు మొగ్గినకొలది ఆ ఉన్నియు, ఆ నేతయు తగ్గుచు వచ్చినవి. ఉన్నికి ఉపయోగము చూపలేనిచో గొఱ్ఱె జాతియే మారును. జాతితోపాటు దానిచుట్టు పెరిగిన విద్యయు పోవును.

ఉపాధ్యాయులు ఈ గ్రంథమును ఒక ప్రయోగముతో కలిపి చెప్పవచ్చును. ఉన్నిపోగును, నైలాను పోగును పటకారుతో పట్టి తామే నిప్పుకు చూపవలయును. ఉన్ని కాలిన వెండ్రుకల వాసనతో నల్లబడి ఆరిపోవును. నైలాను కరగి బొట్లుగా కారును. తరువాత ఎండిన ఉన్నిని తూచి, నీటిగిన్నెతోపాటు మూతగల సీసాలో ఒక రాత్రి ఉంచి మరల తూచవలయును. పెరిగిన బరువును విద్యార్థులే లెక్కవేసి చూచుకొందురు. రీబాంక్స్ గొఱ్ఱెపిల్లను మనకు చక్కగా చూపెను. దాని వీపుమీది ఉన్నిని చూచు పని మాత్రము మనకు మిగిలినది.