వానొస్తే

కర్నూలు, కడప పల్లెల్లో జూన్ నెల రాగానే ఎవరి నోట విన్నా ఒకటే మాట: వానొస్తే. ఏడాదంతా కలిపినా 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే నేల ఇది. వానొస్తే ఇత్తనమేస్తాం. బుడ్డలు పండితే పిల్ల పెండ్లి చేస్తాం. మృగశిర కురిస్తే ముంగిళ్లు చల్లబడతాయన్న సామెతలోనూ ఉన్నది ఆ 'తే' యే.

దాని పనితనం దగ్గర్నుంచి చూడాలి. పడు పడితే అయింది, చేయు చేస్తే అయింది. తిను, కొను, ఉండు దగ్గరికి వచ్చేసరికి 'త' కాస్తా 'ట'గా మారి తింటే, కొంటే, ఉంటే అయ్యాయి. వ్యాకరణం దీన్ని చేదర్థకం అంటుంది. నేనొస్తే, నువ్వొస్తే, వాళ్లొస్తే: ఎవరొచ్చినా క్రియ రూపం మారదు. కాలం ముద్ర కూడా దాని మీద ఉండదు. వానొస్తే వేస్తాం, వానొస్తే వేసేవాళ్లం. రేపటి సంగతో పాత రోజుల సంగతో చెప్పే బరువంతా చివరి క్రియదే. ఇంత చిన్న ప్రత్యయం ఇంత తేలిగ్గా ఇంత పని చేయడం చూస్తే నాకు ఎన్నిసార్లయినా ముచ్చటేస్తుంది.

ఇంగ్లీషు పాఠంలో ఒకరోజు, పత్తికొండ వైపు నుంచి వచ్చిన పిల్లవాడు బోర్డు మీద "ఇఫ్ ఇట్ విల్ రెయిన్ టుమారో, వి విల్ సో" అని రాశాడు. రేపటి వాన గనుక 'విల్' ఉండి తీరాలని వాడి లెక్క.

"మీ నాయన ఏమంటాడు?" అని అడిగాను.

"రేపు వానొస్తే ఇత్తనమేస్తాం అంటాడు సార్."

"వానొస్తేలో రేపన్న గుర్తు యాడుంది?"

వాడు కాసేపు నిలబడి చూశాడు. మొదటి 'విల్' తుడిచేసి 'రెయిన్స్' అని రాశాడు. చివరి 'ఎస్' కూడా మరిచిపోలేదు.

జరగడానికి వీలున్న షరతు చెప్పేటప్పుడు ఇంగ్లీషు చేసే పనీ ఇదే. 'ఇఫ్' ముందు నిలబడి తలుపు తీస్తుంది. దాని వెనకాల వర్తమానం చాలు, భవిష్యత్తు రెండో సగంలోకి పోతుంది. వాక్యాన్ని తిరగేసి 'వి విల్ సో ఇఫ్ ఇట్ రెయిన్స్' అంటే నడుమ కామా కూడా అక్కర్లేదు. ఎప్పుడూ జరిగే సంగతైతే రెండు సగాలూ వర్తమానమే: ఇఫ్ యూ హీట్ ఐస్, ఇట్ మెల్ట్స్.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త కావాలి. పొద్దు గూకితే గొర్రెలు ఇంటికొస్తాయి అంటాం. పొద్దు గూకకుండా ఉండదు కాబట్టి ఇంగ్లీషు అక్కడ 'వెన్' అడుగుతుంది. వాన వస్తుందో రాదో తెలియదు, కాబట్టి 'ఇఫ్'. పత్తికొండ పిల్లలకు ఈ తేడా ఒకసారి చెబితే చాలు. ఇక 'వానొచ్చింటే' అన్నామా, ఆ అదను దాటిపోయినట్టే. అది వేరే పాఠం.

ఈ దారిలోనే ఎదురు నడిచి వచ్చినవాడు సి.పి. బ్రౌన్. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, తన బంగళాలో పండితులను కూర్చోబెట్టుకుని తెలుగు గ్రంథాలు పరిష్కరింపజేశాడు. ఇంగ్లీషువాళ్ల కోసం ఆయన రాసిన తెలుగు వ్యాకరణం 1840లో అచ్చయింది. 'ఇఫ్'తో పెరిగిన మనిషి 'తే' పట్టుకోడానికి పడిన శ్రమ తలుచుకుంటే మా పిల్లల తంటా నాకు కొత్తగా కనిపిస్తుంది. ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం ఉంది.

మా పిల్లలది ఇంకో అలవాటుంది: "యూ కమ్ మీన్స్ ఐ విల్ గివ్." తప్పే, కానీ ఊరికే పుట్టిన తప్పు కాదు. 'నువ్వొచ్చినావంటే ఇస్తా' అన్నది దాని మూలం. అందులోని 'అంటే'ను వాళ్లు 'మీన్స్' చేశారు. నిజానికి ఆ 'అంటే' కూడా 'అను'కు చేరిన 'తే' యే. ఆ సంగతి విడదీసి చూపిస్తే, 'మీన్స్' తీసేసి 'ఇఫ్'ను ముందుకు తెచ్చుకోవడం వాళ్లకే తోస్తుంది.