తొడమీది పలక

సింగపూర్ పటం మీద తెంగా వైమానిక స్థావరం నుంచి కెంట్ రిడ్జ్‌లోని నేషనల్ యూనివర్సిటీ ఆసుపత్రికి ఒక గీత గీస్తే, అది దాదాపు క్లెమెంటి మీదుగా పోతుంది. అక్కడికి వాయవ్యంగా సుమారు 10 కిలోమీటర్ల దూరంలో యుద్ధవిమానాలు. ఆగ్నేయంగా 3 కిలోమీటర్ల దూరంలో శస్త్రచికిత్స గదులు. ఈ రెండు లోకాల మధ్య ఒక కాగితం చేతులు మారింది. దాని పేరు చెక్‌లిస్ట్. ఆ బదిలీని సామాన్య పాఠకులకు పరిచయం చేసిన పుస్తకం, శస్త్రవైద్యుడు అతుల్ గవాండే 2009లో వెలువరించిన ‘ది చెక్‌లిస్ట్ మ్యానిఫెస్టో’. కాగితాన్ని ఆ పుస్తకం చక్కగా చూపించింది. కాగితం వెనకనున్న శిక్షణను మాత్రం అంతగా చూపించలేదు.

సైనిక వైమానికుడు పట్టీతో బిగించుకునే చిన్న పలకను నీబోర్డ్ అంటారు. పేరు మోకాలిది, స్థానం తొడది. క్లిప్పు కింద కొన్ని కాగితాలు, పక్కన ఒక పెన్సిలు. ఆనాటి రేడియో పౌనఃపున్యాలు, టేకాఫ్ వేగాలు, ఎంత ఇంధనం మిగిలినప్పుడు వెనుదిరగాలో తెలిపే అంకె, అనుకున్న చోట దిగలేకపోతే చేరవలసిన మరో రన్‌వే, అత్యవసర చర్యల పట్టిక. ఒక చెయ్యి నియంత్రణ కడ్డీ మీద, మరొకటి థ్రాటిల్ మీద ఉండే ఇరుకు చోటులో, చూపు ఒక్క క్షణం దించితే అందవలసినవి మాత్రమే దానిమీద ఉంటాయి. ఇప్పుడు చాలా కాక్‌పిట్లలో ఆ చోటు ట్యాబ్లెట్‌కు దక్కింది, ఉద్దేశం మారలేదు.

ఆ పలక మీదికి ఏది రావాలో, ఏది రాకూడదో నిర్ణయించేది శిక్షణ. 1967లో జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిన దుండిగల్ అకాడమీలో భారతీయ క్యాడెట్లు పిలాటస్ పీసీ-7 మార్క్ 2 మీద ఎగరడం నేర్చుకుంటారు. గగనతలం చాలని సింగపూర్ తన విద్యార్థులను పశ్చిమ ఆస్ట్రేలియాలోని పియర్స్ స్థావరానికి పంపి, అదే సంస్థ తయారుచేసిన పీసీ-21 మీద నేర్పిస్తుంది. విమానం ఏదైనా, సాధన నేలమీదే మొదలవుతుంది. విద్యార్థి మామూలు కుర్చీలో కూర్చుని, లేని మీటలను చేత్తో తాకుతూ, ప్రయాణమంతా ఊహలో నడుపుతాడు. అమెరికా వైమానిక దళంలో అయితే, అత్యవసర చర్యల్లో లావు అక్షరాలతో అచ్చువేసిన కొన్ని పంక్తులను పొల్లుపోకుండా అప్పజెప్పాలి; ఒక మాట మారినా తప్పే. ఎందుకంటే ఆ ఆపద వచ్చినప్పుడు కాగితం చూసే వ్యవధి ఉండదు. మిగిలినవాటిని మాత్రం ఎంత బాగా గుర్తున్నా పట్టికతో సరిచూసుకోవలసిందే. ఈ సంస్కృతి జ్ఞాపకశక్తిని తోసిరాజనలేదు. దానికి ఒక పొలిమేర గీసింది.

తెలుగు చదువులకు ఈ పొలిమేర కొత్త. పుస్తకంలో ఉండిపోయిన విద్యా, పరుల చేతిలో ఉండిపోయిన సొమ్మూ అవసరానికి అక్కరకు రావని చెప్పే సుభాషితం బడిలోనే పరిచయమవుతుంది. అవధానంలో పద్యాలన్నీ పూర్తయ్యాక ధారణ ఉంటుంది; కాగితం చూడకుండా అప్పజెబితేనే అవధాని గెలిచినట్టు. ఆ ప్రతిభ గొప్పదే. కాని అవధాన సభలో మనసు చెదరగొట్టడానికి అప్రస్తుత ప్రసంగి ఒక్కడే ఉంటాడు. కాక్‌పిట్‌లో రేడియో, హెచ్చరిక దీపాలు, మేఘాలు, అలసట అన్నీ అదే పని చేస్తాయి. పైగా అక్కడ తప్పు దొర్లితే పోయేది పద్యపాదం కాదు, ప్రాణం.

1935 అక్టోబరు 30న ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ 299 బాంబర్ కూలడానికి కారణం సరిగ్గా అలాంటి మరుపే. నేలమీద గాలికి కదలకుండా తోక రెక్కలకు వేసిన తాళం తీయకుండానే విమానం లేచింది. నడిపినవాడు అనుభవం లేనివాడు కాదు. సైన్యంలో పేరున్న పరీక్షా వైమానికుడు మేజర్ ప్లోయర్ హిల్. ఈ ఉదంతాన్ని గవాండే ఉత్కంఠ చెడకుండా చెప్పారు. నైపుణ్యం ఉన్నవారికే పట్టిక అవసరమన్న ఆయన వాదనకు తిరుగులేదు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల శస్త్రచికిత్స పట్టికను 8 నగరాల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు పట్టికను అమలు చేశాక 2014లో వెలువడిన అధ్యయనంలో అవి 0.71 నుంచి 0.65 శాతానికి మాత్రమే మారాయి. గణాంకపరంగా అది లెక్కకు వచ్చే తేడా కాదు. అక్కడ మొదటినుంచీ మరణాలు తక్కువన్నది ఒక కారణం కావచ్చు. అయితే మొదటి అధ్యయనంలో స్థానిక బృందాలు సిబ్బంది పక్కనే ఉండి పట్టికను అలవాటు చేశాయన్న సంగతి మరువరాదు. గళ్లలో టిక్కులు పెట్టడం వేరు, ఆ క్షణంలో నిజంగా ఆగి ఒకరి మాట ఒకరు వినడం వేరు.

గవాండే క్రమశిక్షణ గురించీ, బృందంలో సంభాషణ గురించీ రాయకపోలేదు. కాని అవి ఆయన కథనంలో పట్టిక తెచ్చిపెట్టే ఫలితాల్లా కనిపిస్తాయి. వైమానికుల అనుభవంలో వరస తిరగబడుతుంది: ముందు కుర్చీ సాధన, తర్వాత పలక, దిగిన వెంటనే సమీక్ష. ఆ సమీక్షా గదిలో శిక్షకుడు కూడా తన పొరపాటును అందరి ముందూ చెప్పుకోవాలి. హోదా తలుపు బయటే ఆగాలి. అది పాటించని దళాలూ ఉంటాయి. అయినా ఆదర్శమంటూ ఒకటి అక్కడ ఉంది. వైద్యవిద్యలో అలాంటి గదికి ఇప్పటికీ చోటు తక్కువ. గురువు చేతిలోని కత్తి తప్పు వైపుకు వెళుతుంటే హౌస్ సర్జన్ గొంతు పెగలదు. గోడమీది పట్టిక అతడికి గొంతు ఇవ్వలేదు.

ఆసుపత్రి పైలట్ల దగ్గర అరువు తెచ్చుకున్నది కాగితాన్ని మాత్రమే. మత్తులో ఉన్న రోగి తరఫున, అందరికన్నా చిన్నవాడు ‘ఆగండి’ అనగలిగిన రోజున ఆ అరువు పూర్తవుతుంది.