సర్పగంధ: వేరు చిన్నది, మందు గట్టిది

బీపీ మాత్రల చరిత్ర తిరగేస్తే తొలి పుటల్లోనే ఒక భారతీయ మొక్క కనిపిస్తుంది. అదే సర్పగంధ. తెలుగునాట పాతాళగంధి అనీ అంటారు. నీడపట్టున పెరిగే ఈ చిన్న పొదలో మందంతా నేల లోపలే, చేదు వేరు బెరడులో దాగి ఉంటుంది.

1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు ఉన్మాదానికీ అధిక రక్తపోటుకూ పనిచేస్తుందని వైద్య పత్రికలో రాశారు. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల్లో చూసిన ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక పాశ్చాత్య వైద్యుల చూపు ఇటు మళ్లింది. మూడేళ్లకే స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఇందులోంచి రిసర్పిన్‌ను విడదీశారు.

నరాల చివర్లలో నిల్వ ఉండే నార్‌అడ్రినలిన్‌ను రిసర్పిన్ హరించేస్తుంది. దాంతో రక్తనాళాలు సడలి, గుండె వేగం తగ్గి, పోటు దిగుతుంది. పూర్తి ఫలితం కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ముక్కుదిబ్బడ, మగత రావచ్చు. మోతాదు మించితే మనసు కుంగిపోతుంది.

చిక్కంతా మోతాదులోనే ఉంది. రిసర్పిన్ మాత్రలో మందు పావు మిల్లీగ్రాము దాటడం అరుదు. వేరుపొడిలో అదెంత ఉంటుందన్నది వేరు వయసును బట్టి, పెరిగిన నేలను బట్టి మారుతుంది.  అందుకే సర్పగంధను వైద్య పర్యవేక్షణలోనే వాడాలి.

పాదరసంతో రక్తపోటు కొలిచే రివా-రోచీ పరికరం 1896లో గానీ రాలేదు. కాబట్టి ప్రాచీన ఆయుర్వేద సంహితల్లో అధిక రక్తపోటుకు అంకెలు లేవు. తలతిరుగుడు, గుండెదడ, నిద్రలేమి వంటి లక్షణాలను చూసి వైద్యుడు మందు ఎంచుకుంటాడు. నిద్రపట్టక, ఉద్రేకం తగ్గక బాధపడేవారికి సర్పగంధ ఇస్తే, గుండె బలానికి తెల్లమద్ది చెక్కతో క్షీరపాకం చేయిస్తాడు.

క్షీరపాకానికి శాస్త్రం చెప్పిన కొలత ఉంది. ఒక వంతు చెక్కకు ఎనిమిది వంతుల పాలు, ముప్పైరెండు వంతుల నీళ్లు. సన్నసెగ మీద నీరంతా ఇగిరి పాలు మాత్రం మిగిలేదాకా కాచి వడగడతారు. పాలు చెక్క వగరును తగ్గిస్తాయి. అయితే ఇది గుండెకు ఊతమే గాని, బీపీ మాత్రకు బదులు కాదు.

మూలికలన్నీ పోటు తగ్గించేవే అనుకుంటే ప్రమాదం. దగ్గుకు చప్పరించే అతిమధురం ఎక్కువైతే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి బీపీ పెరుగుతుంది. అజీర్తికి వాడే లవణభాస్కర చూర్ణంలో ఉప్పు పాలే ఎక్కువ.

ఇప్పటికే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారు సర్పగంధ కలిపితే నాడి మరీ మందగించవచ్చు. వేరును నమ్మి మాత్రలు ఒక్కసారిగా మానేస్తే పోటు ఎగదన్నవచ్చు. అందుకే జాగ్రత్త తెలిసిన ఆయుర్వేద వైద్యులు ముందు పాత మందుల చీటీ అడుగుతారు, బీపీ చూసి రాసుకుంటారు, ఆ తర్వాతే పొడి తూచి ఇస్తారు.